పుంజం లెక్క – మచ్చు గుడ్డ
విదేశీ విపణిలో తెలుగు నేత ఎదుర్కొన్న ప్రమాణాలు

కోరమండల్ తీరపు వస్త్రవ్యాపారం గురించి మన చరిత్ర గ్రంథాలలో చాలా చదువుతాం. డచ్చివారు మచిలీపట్నానికి ఎప్పుడు వచ్చారు, ఆంగ్లేయులకు గోలకొండ సుల్తాను ఏ ఫర్మానా ఇచ్చాడు, ఏ రేవు ఎప్పుడు చేతులు మారింది అన్న వివరాలకు కొదవ లేదు. కాని ఓడకెక్కిన ఆ బట్ట ఎంత పొడవుండాలి, పడుగులో ఎన్ని పోగులుండాలి, ఏ మచ్చుతో పోల్చి దానిని సరే అన్నారు, కాదన్నప్పుడు ఆ నష్టం ఎవరు భరించారు అన్న ప్రశ్నలు ఆ గ్రంథాలలో అంతగా కనిపించవు. ఈ రోజుల్లో ఎగుమతిదారులు ‘నాణ్యతా ప్రమాణాలు’, ‘ధ్రువపత్రాలు’ అని మాట్లాడుకునే విషయం తెలుగు నేతగాళ్లకు మూడున్నర శతాబ్దాల క్రితమే అనుభవంలో ఉంది. ఆ అనుభవంలో మనకు పనికివచ్చే పాఠం ఒకటుంది. కొలత ఎంత కఠినమైనదన్నదానికంటే, ఆ కొలతను చదివే అధికారం ఎవరిది, ఒక గుమ్మం మూసుకుంటే నేతగాడికి మరో గుమ్మం ఉందా అన్నవే అతని బతుకును నిర్ణయించాయి.

పుంజం: మన మాట, వారి లెక్క

డచ్చివారు 1605 – 1606 ప్రాంతంలో మచిలీపట్నంలోను, పెటపోలు అని వారు పిలిచిన నిజాంపట్నంలోను వర్తక స్థావరాలు పెట్టారు. ఆంగ్లేయులు 1611లో వచ్చారు. వీరిని ఈ తీరానికి రప్పించింది మొదట ఇంగ్లండు, హాలండుల అవసరం కాదు. తూర్పు దీవులలో మిరియాలు, జాజికాయ, లవంగాలు కొనాలంటే అక్కడివారు వెండికంటే ఆంధ్రతీరపు అద్దకపు బట్టలనే ఎక్కువ ఇష్టంగా తీసుకునేవారు. ఏ దీవిలో ఏ అంచు చెల్లుతుందో, ఏ రంగు చెల్లదో తెలియకుండా బట్ట పంపితే అది గిడ్డంగిలో పడి ఉండేది. అందువల్ల అక్కడినుంచి నమూనాలు ఇక్కడికి వచ్చేవి. సయాం రాజాస్థానానికి కావలసిన బట్టలు కూడా అక్కడినుంచి వచ్చిన నమూనాలను బట్టే ఇక్కడ తయారయ్యేవి. అద్దకంలో ముఖ్య ప్రమాణం రంగు నిలవడం. కృష్ణా ముఖద్వారం చుట్టుపక్కల దొరికే చిరివేరుతో వేసిన ఎరుపు ఎన్ని ఉతుకులకైనా వెలియదని పేరు. ఆ పేరే ఆనాటి ధ్రువపత్రం.

తెల్లగుడ్డ విషయంలో ప్రమాణం లెక్కలకు దిగింది. ఇక్కడ మన భాష అక్కరకు వచ్చింది. తెలుగు నేతగాళ్లు పడుగును పుంజాలలో లెక్కించేవారు. కుంపిణీ లెక్కలలో పుంజానికి సాధారణంగా 120 పోగులు. 14 పుంజాల బట్ట అంటే వెడల్పులో 1680 పోగులన్నమాట. పుంజాలు పెరిగేకొద్దీ బట్ట సన్నం, ధర ఎక్కువ. ఆంగ్లేయులు ఈ మాటనే ‘పంజమ్’ అని తమ పద్దులలో రాసుకున్నారు. పొడవును మూరలలో చెప్పేవారు. లాంగ్‌క్లాత్ అని పేరుపడిన తెల్లగుడ్డ తాను 72 మూరలు, అంటే 36 గజాలు. వెడల్పు రెండుంబావు మూరలు.

ఈ అంకెలు మగ్గం మీద ఏమి చేశాయో గమనించాలి. పుంజాల సంఖ్యను నిర్ణయించేది అచ్చు. పడుగు పోగులన్నీ దాని పళ్ల సందుల్లోంచే పోవాలి. 14 పుంజాల అచ్చుతో 18 పుంజాల బట్ట నేయడం కుదరదు. వెడల్పు పావుమూర పెంచమని కొత్త ఆజ్ఞ వస్తే పాత అచ్చు మూలపడుతుంది. కొత్త అచ్చు కట్టించుకోవాలి, పడుగు వేరుగా తోడుకోవాలి, కొన్నిచోట్ల మగ్గం చట్రమే మార్చుకోవాలి. లండనులో ఒక వాక్యంగా రాసిన మార్పు గోదావరి ఒడ్డున ఒక కుటుంబానికి కొత్త అప్పుగా మారేది.

ఇంగ్లండులో వచ్చిన చట్టాలు కూడా ఈ తెల్లగుడ్డ ప్రాముఖ్యాన్ని పెంచాయి. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల ఒత్తిడివల్ల 1700లో చేసిన చట్టం భారతదేశపు అద్దకపు బట్టల వాడకాన్ని నిషేధించింది. 1721 చట్టం దానిని ఇంకా బిగించింది. ముస్లిన్లకు, పూర్తిగా నీలిరంగు వేసిన బట్టలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఫ్రాన్సు 1686లోనే ఇటువంటి నిషేధం పెట్టి 1759 దాకా కొనసాగించింది. నాణ్యత చాలదని పెట్టిన అడ్డంకులు కావవి, నాణ్యత ఎక్కువైందని పెట్టినవి. విదేశీ విపణి ప్రమాణాలను చదివేటప్పుడు ఈ రెంటి భేదం విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

మచ్చు గుడ్డ, గిడ్డంగి

మాటలతో చెప్పిన కొలత చాలదు కనుక ప్రతి ఒప్పందానికి ఒక మచ్చు గుడ్డ ఉండేది. ఆంగ్లేయులు దానిని ‘మస్టర్’ అన్నారు. అది చూపడం అనే అర్థంగల పోర్చుగీసు ‘మోస్త్రా’ నుంచి వచ్చిన మాట. వర్తకులు ఆ మచ్చును చూసి ధర ఒప్పుకుని బయానా తీసుకునేవారు. ఆ సొమ్ము దళారుల ద్వారా నేత గ్రామాలకు చేరేది. ఉత్తర కోరమండల్‌లో సేనాపతులని పిలిచే నేతగాళ్ల పెద్దలు దానిని మగ్గాలవారికి పంచేవారు. నెలల తరువాత బట్ట అదే దారిన వెనక్కి నడిచేది.

చెన్నపట్నం కోటలో అందుకని ప్రత్యేకంగా ఏరివేత గిడ్డంగి ఉండేది. అక్కడ తానులను పరచి, కొలిచి, మచ్చుతో పోల్చి ఒకటో రకం, రెండో రకం, మూడో రకం అని విడదీసేవారు. రకం తగ్గితే ధర తగ్గేది. ఏ రకానికీ రానిది వర్తకుడికి తిరిగి పోయేది. గంజి పట్టించిన బట్టలో పలచదనం కంటికి ఆనదు. ఉతికి చలువ చేసిన తరువాతగాని దాని అసలు గుణం బయటపడదు. కాబట్టి చాకళ్ల పని కూడా ఈ పరీక్షలో భాగమే. చెన్నపట్నంలో నేటికీ వాషర్‌మన్‌పేట అని పిలిచే పేట ఈ చలువ పనివారివల్లే ఏర్పడింది. 1734లో గవర్నరు మోర్టన్ పిట్ కాలంలో, అంతకుముందు కుంపిణీ ప్రధాన వర్తకుడుగా ఉన్న సుంకు రామ తోటలో, నేతగాళ్ల కోసం చింతాద్రిపేటను కట్టించారు. వడికేవారు, నేసేవారు, ఉతికేవారు కంటి ఎదురుగా ఉంటే పని మీద అదుపు ఉంటుందన్నది కుంపిణీ ఆలోచన. బేరి తిమ్మన్న, కాశీ వీరన్నల నాటినుంచి చెన్నపట్నపు ప్రధాన వర్తకులలో తెలుగువారికి పెద్ద స్థానం ఉంది. తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబాల చరిత్రకు ఈ వర్తకం ఒక ముఖ్యమైన ఆధారం.

గిడ్డంగితో పరీక్ష ముగియదు. లండను చేరాక మళ్లీ చూసేవారు. బట్ట పలచనైందని, వెడల్పు తగ్గిందని, తాను పొట్టిదైందని డైరెక్టర్ల ఉత్తరాలు వచ్చేవి. ఓడ ఒకవైపు ప్రయాణానికే ఆరు నెలలో, అంతకు మించో పట్టే రోజులవి. ఫిర్యాదు వచ్చేసరికి ఆ బట్ట నేసిన కాలం, అప్పటి నూలు ధర, అప్పటి వాన అన్నీ మారిపోయి ఉండేవి.

నష్టం ఎవరిది?

బట్ట పలచబడడానికి కారణం మోసమేనని కుంపిణీ ఉద్యోగులు తరచుగా రాసుకున్నారు. కొంత మోసం లేకపోలేదు. కాని మగ్గం వైపునుంచి చూస్తే మరో లెక్క కనిపిస్తుంది. తీరానికి కావలసిన పత్తిలో చాలా భాగం దక్కను లోపలినుంచి లంబాడీల ఎద్దుల మీద వచ్చేది. యుద్ధమో, కరువో వస్తే ఆ దారి మూసుకుపోయేది, నూలు ధర పెరిగేది. బియ్యం ధర పెరిగితే ఇంటి ఖర్చు పెరిగేది. తానుకు ఒప్పుకున్న ధర మాత్రం మారదు. అప్పుడు నేతగాడి చేతిలో ఉన్న ఒకే ఒక వెసులుబాటు పోగుల లెక్క. 1680 పోగులకు బదులు 1600 పెట్టి అతను ఆ ఏడాదిని దాటేవాడు. ప్రమాణం తగ్గిందని గిడ్డంగి అన్నది, ధర తగ్గిందని మగ్గం అన్నది. రెండూ ఒకే బట్టను చూసి అన్న మాటలే. కాని మచ్చు గుడ్డ గిడ్డంగిలో ఉంది, నేతగాడు అక్కడ లేడు.

పాత ఆచారంలో నేతగాడికి ఒక రక్ష ఉండేది. బయానా తిరిగి ఇచ్చేస్తే ఒప్పందం నుంచి బయటపడవచ్చు. మరీ ఇబ్బంది అయితే మగ్గం విప్పుకుని మరో ఊరికి పోవచ్చు. దేశమంతా మగ్గాలకు గిరాకీ ఉన్న రోజుల్లో ఏ పాలెగాడైనా, ఏ జమీందారైనా నేతగాళ్లను పిలిచి ఇళ్లస్థలం ఇచ్చేవాడు. తమిళ, కన్నడ దేశాలలోను, గంజాంలోను తెలుగు నేత కుటుంబాలు ఊళ్లకు ఊళ్లుగా కనిపించడానికి ఇటువంటి కదలికలు ఒక కారణం.

యానాం అనే మరో గుమ్మం

గోదావరి పాయల మధ్య ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ద్రాక్షారామం, పాలకొల్లు, జగన్నాథపురాలలో డచ్చివారు, ఇంజరం, మాధవాయపాలెం, బెండమూర్లంకలలో ఆంగ్లేయులు, యానాంలో ఫ్రెంచివారు స్థావరాలు పెట్టుకున్నారు. ఇంజరానికి, యానానికి మధ్య దూరం పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రాగలిగినంతే. ఆంగ్లేయుల గిడ్డంగి కాదన్న తాను ఫ్రెంచివారి మచ్చుకు సరిపోవచ్చు. డచ్చివారు దానిని మరో దీవి కోసం తీసుకోవచ్చు. ప్రమాణాలు మూడు ఉన్నప్పుడు తిరస్కారం అంటే ధర కొంచెం తగ్గడమే, బట్ట చేతిలో మిగిలిపోవడం కాదు.

ఈ పరిస్థితి 18వ శతాబ్ది ద్వితీయార్ధంలో మారింది. 1759లో మచిలీపట్నం ఆంగ్లేయుల వశమైంది. 1766లో నిజాంతో ఒప్పందం తరువాత ఉత్తర సర్కారులలో వారి ఏలుబడి స్థిరపడింది. యుద్ధాలలో డచ్చి స్థావరాలను 1781లోను, మళ్లీ 1795లోను పట్టుకున్నారు. యానాన్ని 1778లోను, 1793లోను ఆక్రమించారు. ఫ్రెంచివారికి అది 1814 సంధి తరువాతగాని నిలకడగా తిరిగి దక్కలేదు. అప్పటికి కొనేవాడు, ఏలేవాడు ఒక్కడే అయ్యాడు. కుంపిణీ మధ్యవర్తి వర్తకులను తప్పించి జీతగాళ్లయిన గుమాస్తాలను నేరుగా నేత గ్రామాలకు పంపడం మొదలుపెట్టింది. బయానా తిరిగి ఇచ్చి తప్పుకునే హక్కును నిబంధనలతో అడ్డుకుంది. పని ఆలస్యమైనా, బట్ట తగ్గినా బంట్రోతులు వచ్చి ఇంటి ముందు కూర్చునేవారు. వారి బత్తెం ఖర్చు కూడా నేతగాడి మీదనే పడేది.

మచ్చు గుడ్డ మారలేదు, పుంజం లెక్కా మారలేదు. మారింది వాటి వెనుక నిలబడిన శక్తి. ఆ దశాబ్దాలలో ఉత్తర కోరమండల్ నేతగాళ్లు పని ఆపి, గుంపులుగా కదిలి, అర్జీలు పెట్టుకున్న సందర్భాలు అనేకం. ఏరివేతలో అన్యాయం, గుమాస్తాల దౌర్జన్యం, చాలని ధర ఆ అర్జీలలో మళ్లీ మళ్లీ వచ్చే విషయాలు. నాణ్యతా ప్రమాణమే వద్దని వారు వాదించలేదు. దానిని న్యాయంగా చదవమన్నారు.

ముక్కుతో చదివిన ప్రమాణం

విదేశీ కొనుగోలుదారులందరి పరీక్షా ఇటువంటిదే కాదు. పశ్చిమాఫ్రికాకు మన బట్ట రెండు రకాలుగా చేరింది. ఒకటి నీలిమందులో ముంచిన గినీ బట్ట. యూరపు వర్తకులు మొదట దానిని మనుషులను బానిసలుగా కొనే పాపపు వర్తకంలోను, ఆ తరువాత సెనెగల్ నది ఒడ్డున జిగురు కొనడానికీ వాడారు. ఈ చరిత్రను మన నేత గొప్పతనంగా మాత్రమే చెప్పుకుని ఊరుకోవడం తగదు. సెనెగల్‌లో ఆ బట్టే నాణెంలా చెలామణి అయింది కాబట్టి అక్కడివారు దాని రంగును, స్పర్శను, వాసనను పరీక్షించి తీసుకునేవారు. ఫ్రాన్సులోని రూఆ పట్టణపు మిల్లులు చేసిన అనుకరణలను వారు గుర్తుపట్టి నిరాకరించారు. నాసిరకం బట్టతో ఆ వర్తకం దెబ్బతినడం చూసి 1843లో ఫ్రెంచి ప్రభుత్వం సెనెగల్‌కు వెళ్లే గినీ బట్టకు కొలతలు, తనిఖీ నిర్ణయిస్తూ ఆజ్ఞ జారీ చేసింది. పుదుచ్చేరి పాలనలో భాగమైన యానాం చరిత్ర చదివే విద్యార్థులు ఈ ఘట్టాన్ని కూడా గమనించాలి. ఒక వలస రాజ్యపు ప్రజల అభిరుచి మరో వలస రాజ్యపు మగ్గాలకు చట్టం అయిన సందర్భం ఇది.

రెండవది ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ అని పేరుపొందిన గళ్ల రుమాలు. చీరాల ప్రాంతం దీనికి పెద్ద కేంద్రం. గజం చదరం రుమాళ్లు ఎనిమిదింటిని కత్తిరించకుండా ఒకే తానుగా అమ్మేవారు. నైజర్ నది ముఖద్వారంలోని కలబరి ప్రజలకు ఇది పుట్టుకకు, పెళ్లికి, చావుకు కావలసిన బట్ట. వారు దానిని ‘ఇంజిరి’ అంటారు. కొనేటప్పుడు ముట్టుకుని, వాసన చూసి అసలుదో కాదో తేల్చేవారు. వారి స్త్రీలు ఆ గళ్లలోంచి కొన్ని పోగులను కోసి తీసేసి కొత్త నమూనాలు పుట్టిస్తారు. దానిపేరు ‘పెలెతె బితె’, అంటే కోసిన బట్ట. పడుగుపేకలు సమంగా లేకపోతే ఆ పని సాగదు. ఇక్కడి నేతగాడి చేతిపనే అక్కడి కొనుగోలుదారుకు ప్రమాణం అయింది. మిల్లు అనుకరణలు వచ్చిన తరువాత కూడా చేనేత నిలబడడానికి ఇది తోడ్పడింది. 1970ల చివరినుంచి నైజీరియా విధించిన దిగుమతి ఆంక్షలు మాత్రం ఈ వర్తకాన్ని గట్టిగా దెబ్బతీశాయి. ఎంత నమ్మకమైన గుమ్మమైనా ఒక్కటే అయితే ప్రమాదమేనని గోదావరి చెప్పిన మాటనే చీరాల మళ్లీ చెప్పింది.

ఊరు లేకుండా మిగిలిన పేరు

ప్రమాణానికి పేరు పెట్టడంలో మరో చిక్కు ఉంది. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం ఆంగ్లేయుల నోట ‘మదపొల్లం’ అయింది. అక్కడి మెత్తని తెల్లగుడ్డ పేరు కూడా అదే. కొంతకాలానికి ఆ పేరు ఊరినుంచి విడిపోయి ఒక బట్ట రకంగా నిలిచింది. లాంకషైరు మిల్లులు మదపొల్లం నేసి ప్రపంచమంతా అమ్మాయి. ఫ్రెంచి భాషలో నేటికీ ఆ మాట ఉంది. పులికాట్ రుమాలు గతి కూడా ఇంతే. స్కాట్లండు నేతగాళ్లు దానిని నేసి అదే పేరుతో అమ్ముకున్నారు. 1813లో కుంపిణీ గుత్తాధికారం పోయి, 1833లో వర్తకమే మానుకున్ననాటికి మాధవాయపాలెం మగ్గాల దగ్గర మిగిలింది తక్కువ. ఊరి పేరు మీద హక్కు ఊరివారిది కాకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కరలేదు. 1999లో మన దేశం చేసిన భౌగోళిక గుర్తింపు చట్టం ఈ లోటును పూడ్చే ప్రయత్నం. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో ఆ గుర్తింపు వచ్చింది. తెలుగు పద్మశాలీల చేతి చలువతో పెరిగిన షోలాపూర్ చద్దరుకు, తువాలుకు కూడా ఆ గుర్తింపు ఉంది.

కంటికి కనబడని కొలత

స్వాతంత్ర్యానంతరం 1963లో ఎగుమతుల నాణ్యతా నియంత్రణ, తనిఖీ చట్టం, టెక్స్‌టైల్స్ కమిటీ చట్టం రెండూ వచ్చాయి. తనిఖీ విదేశీయుడి గిడ్డంగినుంచి మన ప్రభుత్వ సంస్థల చేతికి కొంతవరకైనా వచ్చింది. అది చిన్న విషయం కాదు.

అయితే 1990లలో కొలత స్వభావమే మారింది. కొన్ని అజో రంగులు శరీరానికి తగిలి క్యాన్సర్ కలిగించే అమైన్లుగా విడిపోతాయని గుర్తించి జర్మనీ 1994లో వాటిని నిషేధించింది. మన దేశం 1997లో అటువంటి రంగులను నిషేధించింది. యూరపు సమాజం 2002లో ఈ నియమాన్ని తన దేశాలన్నిటికీ వర్తింపజేసింది. కిలో బట్టలో ఆ అమైన్లు 30 మిల్లీగ్రాములు దాటరాదు. ఇది ఆరోగ్యానికి సంబంధించిన న్యాయమైన నియమం. రంగు తొట్టిలో రోజంతా చేతులు ముంచే మన అద్దకపువారికే దాని మేలు ముందు దక్కాలి. కాని పుంజాన్ని నేతగాడు తానే లెక్కపెట్టుకోగలడు, మూరను తన మోచేతితో కొలుచుకోగలడు. అమైనును ప్రయోగశాల తప్ప మరొకరు చూడలేరు. ఒకే రంగులో లక్ష గజాలు నేసే మిల్లుకు పరీక్ష ఖర్చు గజానికి లెక్కకు రాదు. పది రంగులలో పది తానులు నేసే సహకార సంఘానికి అదే ఖర్చు లాభాన్ని మింగివేస్తుంది. ఆనాడు కొత్త అచ్చు ఖర్చు ఎవరి మీద పడిందో, ఈనాడు ప్రయోగశాల రుసుము కూడా వారి మీదనే పడే ప్రమాదం ఉంది. రంగును అమ్మేవాడి దగ్గరే పరీక్షించి ముద్ర వేయడం, సంఘాలకు ఉమ్మడి ప్రయోగశాలలు ఏర్పరచడం వంటి పనుల విలువను ఈ చరిత్ర వెలుగులో చూడాలి.

చేయవలసిన పని

కంపెనీల పద్దుల ఆధారంగా గిడ్డంగి కథను చరిత్రకారులు చాలావరకు రాశారు. మగ్గం వైపు కథకు ఆధారాలు మన మాటలలో ఉన్నాయి. పుంజం, అచ్చు, పడుగు, పేక, మచ్చు, బయానా వంటి మాటలు బరంపురం పట్టునేతవారి ఇళ్లలో ఏ రూపంలో ఉన్నాయి? సేలం, కోయంబత్తూరు ప్రాంతాల దేవాంగులు పోగులను ఏ లెక్కన చెబుతారు? బళ్లారి వైపు, షోలాపూర్ వైపు అచ్చుకు ఏ పేరు వాడతారు? పుంజానికి అన్నిచోట్లా 120 పోగులేనా? యానాం పెద్దల నోట ఫ్రెంచి కొలతల పేర్లు ఏమైనా మిగిలాయా? ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలకు వెలుపల పెరిగిన తెలుగు విద్యార్థులు ఈ ప్రశ్నలను తమ ఇళ్లలోనే, తమ వీధులలోనే అడగవచ్చు. తాతలనాటి మగ్గం అటక మీద ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. అచ్చు మీది పళ్లను లెక్కపెట్టి, దానిని ఏమనేవారో పెద్దలనడిగి రాసి ఉంచితే, కుంపిణీ పద్దులలో ఒకవైపే ఉన్న లెక్కకు రెండవ వైపు దొరుకుతుంది.